మందుకు ముందు ముఖపరిచయం

జీడి తోట ఉన్న రైతును పూత కాలంలో దేనికి భయపడతావని అడిగితే మంచు, మబ్బు తర్వాత వచ్చే పేరు టీ దోమ. పలాస నుంచి వజ్రపుకొత్తూరు, మందస దాకా ఉద్దానంలో ఈ పేరు తెలియని తోట లేదు. విచిత్రమేమిటంటే, ఆ పేరులోని రెండు మాటల్లో ఒకటి అరువు, రెండోది అబద్ధం. తేయాకు తోటల్లో దాని దాయాదులు చేసే పాడు వల్ల ‘టీ’ వచ్చి తగులుకుంది. ఇక అది దోమ కానే కాదు. దోమకు రెక్కలు రెండు, దీనికి నాలుగు. నల్లుల సంతతికి చెందిన ఈ జీవి సూదిలాంటి నోటిని లేత చిగురులోకి, పూరెమ్మలోకి గుచ్చి రసం పీలుస్తుంది. పొడవు ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించదు. కొమ్మ మీద వాలినప్పుడు ఎరుపూ నలుపూ కలిసిన ఒక నలుసులా ఉంటుంది. చెయ్యి దగ్గరికి వెళ్ళేలోగా ఆకు వెనక్కి జారుకుంటుంది. అదే పురుగును లెన్సు ముందు నిలకడగా పెట్టి, తల నుంచి తోక దాకా ఏ భాగమూ మసకబారకుండా ఫొటో తీస్తే ఒక గుర్తు బయటపడుతుంది. వీపు మధ్యన ఎవరో గుండుసూదిని నిటారుగా గుచ్చినట్టు ఒక పుల్ల, దాని కొనన చిన్న గుండు. ఈ జాతి పురుగుల చిరునామా ఆ సూదే. ఒకసారి చూసినవాళ్ళు దాన్ని మరో పురుగుతో పొరబడరు. ఉద్దానం దుకాణాల్లో పురుగుమందులకు కొరత లేదు, కొరతల్లా ఈ ముఖపరిచయానికే. అందుకే, ఇంట్లో ఓ మూల బల్ల వేసుకుని ఫోకస్ స్టాకింగ్ పద్ధతిలో పురుగుల చిత్రాలు తీసేవారి పనిని కాలక్షేపం కింద కొట్టిపారేయకూడదు. దాన్ని ఈ ప్రాంతపు సాగు రికార్డులో భాగంగా లెక్కించాలి.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇంత తతంగం ఎందుకన్న ప్రశ్న సహజం. లెన్సు వస్తువుకు దగ్గరవుతున్నకొద్దీ స్పష్టంగా కనిపించే మందం పలచబడుతుంది. కాంతి నడిచే తీరే అంత, ఎంత ఖరీదైన కెమెరా అయినా దీన్ని తప్పించుకోలేదు. పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద అంతే బొమ్మ పడేలా, ఎఫ్ 8 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే పొర ఒక మిల్లీమీటరు లోపే. ఐదు రెట్లు పెద్దది చేసి ఎఫ్ 2.8 దగ్గర తీస్తే ఆ పొర సుమారు 0.04 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. కన్ను మీద ఫోకస్ పెడితే మీసం మసక, మీసం మీద పెడితే కాలు మసక. ఎపర్చరును బాగా మూసేస్తే పొర మందమవుతుంది కానీ, ఇరుకు సందులోంచి వచ్చే కాంతి చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయమే ఫోకస్ స్టాకింగ్. పురుగును కదలకుండా ఉంచి, కెమెరాను మర తిప్పితే జరిగే చిన్న పట్టా మీద వెంట్రుకవాసి చొప్పున ముందుకు నడుపుతూ వరసగా ఫొటోలు తీస్తారు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న పొరను మాత్రమే ఏరి, అన్నిటినీ కలిపి ఒకే బొమ్మగా కుడతాయి. లెక్క తేలికే. టీ దోమ పక్కవాటు మందం రెండు మిల్లీమీటర్లనుకుని, అడుగుకు 0.03 మిల్లీమీటర్లు జరిపితే డెబ్భై ఫొటోలు కావాలి. అంతా సవ్యంగా జరిగితే ఆ డెబ్భై కలిసి ఒక ముఖం.

ఇందుకు కావలసిన స్టూడియో ఆర్భాటమైనదేమీ కాదు. కదలని బల్ల, రెండు ఎల్‌ఈడీ దీపాలు లేదా ఫ్లాష్‌లు, వెలుతురును మెత్తబరచడానికి బటర్ పేపర్, నేపథ్యానికి రంగు కాగితం, పురుగును నిలబెట్టడానికి ఒక సూది, చిన్న బెండు ముక్క. మామూలు 50 ఎంఎం లెన్సును చవకగా దొరికే రింగుతో కెమెరాకు తిరగేసి బిగిస్తే ఇంచుమించు అసలు సైజు బొమ్మ వస్తుంది. అంతకన్నా వెడల్పు లెన్సును తిరగేస్తే ఇంకా పెద్దదవుతుంది. కష్టమల్లా ఓపికది. ఆ స్థాయిలో సీలింగ్ ఫ్యాను గాలి కూడా తుపానే. హౌరా–చెన్నై రైలు మార్గానికి దగ్గరగా ఉన్న ఇంట్లో అయితే గూడ్సు బండి వెళ్ళేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. సముద్రపు తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది కనుక వాడనప్పుడు దాన్ని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో దాచాలి. కొబ్బరి మొవ్వను కొరికే కొమ్ము పురుగు వీపు నూనె రాసిన నల్లరాయిలా మెరుస్తుంది. నేరుగా వెలుతురు కొడితే తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. చుట్టూ బటర్ పేపర్ గొట్టం పెట్టి కాంతిని జల్లెడ పడితేనే ఆ పెంకు మీది గుంటలు, గీతలు పైకి తేలతాయి. ఈ పని నేర్చినవారు తమకు తెలియకుండానే ఒక క్రమశిక్షణ అలవరచుకుంటారు. ఒక్క జీవిని గంటసేపు చూడటం, చూసినదాన్ని దాటవేయకపోవడం. మన వ్యవసాయ సలహా వ్యవస్థలో కరవైనది సరిగ్గా ఈ గుణమే.

ఆ చూపు ఎంత విలువ చేస్తుందో చెప్పడానికి కొబ్బరి తోటల తెల్లదోమ చాలు. మధ్య అమెరికా నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. అదే ఏడాది అది గోదావరి జిల్లాల తోటలకూ చేరింది. ఆకు అడుగున చుట్టలు చుట్టినట్టు గుడ్లు పెట్టి, తెల్లటి మైనం పూస్తుంది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. కిందనుంచి చూసే రైతుకు కనిపించేది రెండే రంగులు, తెలుపు, నలుపు. రెండూ చేటే అనిపిస్తుంది. కానీ నలుపులో రెండు రకాలున్నాయి, ఆకు మీది మసి ఒకటి, ఆకు అడుగున నల్లబడిన తెల్లదోమ పిల్ల పురుగు రెండోది. ఎన్‌కార్సియా అనే బదనిక కందిరీగల బంధువు. మిల్లీమీటరు కూడా ఉండదు. అది తెల్లదోమ పిల్ల పురుగులో గుడ్డు పెడితే ఆ పిల్ల పురుగు నల్లబడిపోతుంది. లోపలి బదనిక ఎదిగి, పెంకుకు గుండ్రంగా కంత చేసుకుని బయటపడుతుంది. బతికి బట్టకట్టిన తెల్లదోమ మాత్రం పెంకును ఇంగ్లిష్ ‘టి’ అక్షరం ఆకారంలో చీల్చుకుని వస్తుంది. కంత గుండ్రంగా ఉంటే మిత్రుడు వెళ్ళిన దారి, చీలిక ఉంటే శత్రువు వెళ్ళిన దారి. ఒక ఆకు ముక్కను స్టాక్ చేసి తీసిన చిత్రంలో రెండింటినీ వేలితో లెక్కపెట్టవచ్చు. గుండ్రటి కంతలే ఎక్కువుంటే ఆ తోటలో మందు కొట్టడమంటే, దొంగను పట్టుకున్న కాపలాదారుణ్ణే కర్రతో బాదడం. ఈ తెల్లదోమ మీద రసాయనాలు వాడి బదనికలను చంపుకోవద్దని శాస్త్రవేత్తలు మొదటినుంచీ చెబుతున్నది ఇందుకే. ఆ సలహా కరపత్రంలో వాక్యంగా ఉన్నంతకాలం రైతుకు అది ఒకరి మాట. కంతలు కంటితో చూశాక అది తన లెక్క.

ఇలాంటి మారువేషాలు తోట నిండా ఉన్నాయి. 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించిన, పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగునే చూడండి. దాని పిల్ల పురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో, తాను తినే పిండినల్లి లాగే ఉంటుంది. పైపైన చూసి మందు కొడితే ముందు చచ్చేది అదే. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు కుడతాయని కోత కూలీలు విసుక్కుంటారు. కానీ జీడి చెట్టు మీద అవి టీ దోమను తరిమే కాపలాదారులని ఆఫ్రికా, ఆస్ట్రేలియా తోటల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. చైనాలో నారింజ తోటల రక్షణకు ఈ చీమల గూళ్ళను బజారులో అమ్మేవారని క్రీస్తు శకం నాలుగో శతాబ్దపు గ్రంథంలోనే ఉంది. ఆ చీమల మధ్యనే అచ్చం వాటిలా కనిపిస్తూ తిరిగే సాలీడు ఒకటి ఉంది. పెద్దది చేసి చూస్తే కాళ్ళు ఎనిమిది, ముందుకు చూసే పెద్ద కళ్ళు రెండు. ఇక టీ దోమ గుడ్డయితే అసలు కనిపించదు. పూరెమ్మ లేత కండలో దాన్ని దూర్చిపెడుతుంది, బయటికి పొడుచుకు వచ్చేవి పొడవు సమానం కాని రెండు సన్నటి పోగులు మాత్రమే. ఆ రెండు పోగులను గుర్తుపట్టగలిగితే, పూరెమ్మలు కాల్చినట్టు నల్లబడక ముందే తోటలో ఏం జరగబోతోందో తెలుస్తుంది. ఈ పురుగు వల్ల జీడి దిగుబడిలో 30 నుంచి 40 శాతం దాకా పోతుందని నిపుణుల అంచనా. అంత నష్టానికి తొలి హెచ్చరిక రెండు పోగులు. వాటిని ఎంతమందికి చూపించగలిగాం?

ఈ ప్రశ్న ఉద్దానానికి మరీ ముఖ్యం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల బతుకు కొబ్బరి, జీడి, పనస చెట్ల మీద నిలబడింది. వరి రైతు ఒక పంట పోతే మరో పంటకు చూసుకుంటాడు. చెట్టు పోయినవాడికి పోయేది ఏళ్ళ కాలం. 2013లో ఫైలిన్, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాసకు దగ్గరలో తీరం దాటిన తిత్లీ తుపాన్లు ఆ సంగతి గుర్తుచేసి పోయాయి. తుపాను కూల్చిన కొబ్బరి దుంగ తోటలోనే కుళ్ళితే అది కొమ్ము పురుగుకు పురిటిల్లు. నిలిచిన చెట్టు మొవ్వను కొమ్ము పురుగు కొరికితే, ఆ గాయం వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వస్తుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. ఇక ఈ ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పనక్కరలేదు. దాని కారణాల మీద శాస్త్రచర్చ ఇంకా తెగలేదు. పురుగుమందులనే దోషిగా నిలబెట్టడం తొందరపాటవుతుంది. అయినా, నీటి గురించీ ఒంటి గురించీ ఇంత భయంతో బతుకుతున్న జనం మధ్య, అవసరం లేని ఒక్క పిచికారీ తగ్గినా అది లాభమే తప్ప నష్టం కాదన్న మాటకు ఏ పరిశోధన ఫలితం కోసమూ ఎదురుచూడాల్సిన పనిలేదు. పైగా జీడి పూతకు ఈగలు, తేనెటీగల రాకపోకలు కావాలి. ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టు, నల్లికి భయపడి పూత మీదికి వచ్చే ప్రతి రెక్కనూ చంపుకుంటే పిందె ఎక్కడినుంచి వస్తుంది?

పురుగును బొమ్మగా చూపించి సాగుకు సాయపడటం కొత్త ఆలోచన కాదు. పలాస, టెక్కలి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉన్న రోజుల్లో, 1914లో, టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో మాటలెంత ముఖ్యమో చిత్రకారులు రంగులతో గీసిన పటాలూ అంతే ముఖ్యం. 1940లో టి.వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారత వ్యవసాయ కీటకాల మీద తెచ్చిన కరదీపిక ఆ దారిని కొనసాగించింది. చెయ్యి తిరిగిన చిత్రకారుడు సూక్ష్మదర్శినిలో చూస్తూ రోజుల తరబడి చేసిన పనినే ఇప్పుడు స్టాకింగ్ గంటల్లో చేస్తోంది. 2016లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లెవన్ బిస్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని కీటకాలను చిత్రించి ప్రదర్శించినప్పుడు ఒక్కో చిత్రానికి ఎనిమిది వేలకు పైగా ఫొటోలు వాడారు. అది కళాఖండం. మనకు అంతకన్నా పనికొచ్చే ఉదాహరణ అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థకు చెందిన తేనెటీగల ప్రయోగశాలది. శామ్ డ్రోగీ బృందం తేనెటీగలను గుర్తుపట్టడంలో తోటివారికి సాయపడేందుకు స్టాకింగ్ చిత్రాలు తీసి, ఎవరైనా ఏ అనుమతీ లేకుండా వాడుకునేలా జనం ముందు పెట్టింది. బడిపిల్లవాడి పుస్తకంలోనూ శాస్త్రవేత్త వ్యాసంలోనూ అదే బొమ్మ. ఉద్దానానికి కావలసింది ఈ రెండో దారి.

ఇక అభ్యంతరాలు. మొదటిది నిజాయితీకి సంబంధించినది. డెబ్భై ఫొటోలు కలిపి కుట్టిన బొమ్మ నిజమెలా అవుతుంది, అదొక కల్పన కాదా అంటారు. పత్రికా ఛాయాచిత్రాల్లో రెండు ఫొటోలు అతికిస్తే అది నేరమే, ఎందుకంటే అక్కడ వేర్వేరు క్షణాలు ఒకే క్షణంగా చెలామణీ అవుతాయి. ఇక్కడ వస్తువు ఒకటే, చోటు ఒకటే, వెలుతురు ఒకటే. మారేది ఫోకస్ నిలిచిన లోతు మాత్రమే. భూతద్దాన్ని తాళపత్రం మీద వరస వెంబడి వరస జరుపుతూ చదివినవాడు పత్రమంతా చదివాననడంలో అబద్ధం లేదు. అయితే అనుమానానికి తావు బొత్తిగా లేదనీ కాదు. వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి అడ్డొచ్చిన చోట సాఫ్ట్‌వేర్ తికమకపడి లేని వెంట్రుకను పుట్టిస్తుంది, అంచుల చుట్టూ తెల్లటి వలయం గీస్తుంది, మధ్యలో పురుగు మీసం కదిలితే ఒక మీసం రెండవుతుంది. అందుకే రికార్డుగా వాడే చిత్రానికి నియమాలుండాలి. మూల ఫొటోలన్నిటినీ భద్రపరచాలి, ఎన్ని ఫొటోలు కలిపారో రాయాలి, అందం కోసం రంగు మార్చకూడదు, పక్కన మిల్లీమీటరు కొలబద్ద ఉండాలి. ఈ నాలుగూ పాటించిన చిత్రం ఒక్క క్లిక్కుతో తీసిన మసక ఫొటో కన్నా నమ్మదగినది.

రెండో అభ్యంతరం కీటక శాస్త్రవేత్తలది, బరువైనది కూడా. బొమ్మ చూసి జాతి తేల్చలేమని వారంటారు. నిజమే. కొబ్బరి మీద ఇప్పుడు సర్పిలాకార తెల్లదోమ ఒక్కటే లేదు. దానికన్నా చిన్నవి, గూడులాగా మైనం అల్లుకునేవి కూడా దేశంలోకి వచ్చాయి. వాటిని కచ్చితంగా తేల్చాలంటే పిల్ల పురుగు పెంకును గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద చూడాలి. కొబ్బరి కాయ ముచ్చిక కింద దాగే ఇరియోఫిడ్ నల్లి అయితే మిల్లీమీటరులో ఐదో వంతు, ఇంటి బల్లకు అది అందదు. ఎరువు గుంటలో దొరికే తెల్లటి లావు పురుగుల్లో ఏది కొమ్ము పురుగు పిల్లో, ఏది మామూలు పేడపురుగు పిల్లో చెప్పడానికి తోక కింది వెంట్రుకల అమరిక చూడాలి. కాబట్టి చిత్రం తీర్పు కాదు, ఫిర్యాదు పత్రం. తీర్పు చెప్పవలసినవారి దగ్గరికి సరైన కేసు సరైన సాక్ష్యంతో చేరడం దాని పని. చిత్రం తీసిన పురుగునే చిన్న సీసాలో ఆల్కహాల్‌లో దాచి, ఊరు, తేదీ, చెట్టు, చెట్టు మీద ఏ భాగమో చీటీ రాసి అంటిస్తే, నైరా వ్యవసాయ కళాశాలలోనో, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలోనో, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలోనో కూర్చున్న నిపుణుడికి సగం పని తగ్గుతుంది. చీటీ లేని చిత్రం ఎంత అందమైనదైనా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

మూడోది, ఫోన్‌లో యాప్‌లు వచ్చాక ఇదంతా పాతచింతకాయ పచ్చడి కదా అన్నది. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. రైతు ఫొటో పంపితే కృత్రిమ మేధ పురుగును గుర్తించి సలహా ఇచ్చే ఏర్పాటది. మంచిదే. అయితే యంత్రం తనకు చూపిన బొమ్మలనే నేర్చుకుంటుంది. పంట శత్రువుల ఫొటోలు వేలల్లో ఉండి, బదనికల ఫొటోలు పదుల్లో ఉంటే దాని కంటికి తోటంతా శత్రువులే కనిపిస్తారు. మన జీడి, కొబ్బరి తోటల పురుగులు పిల్లదశలో, పెద్దదశలో, మగ, ఆడ రూపాల్లో అందులో లేకపోతే అది పొరుగు రాష్ట్రపు ముఖాలతో మన ముఖాలను పోల్చి సమాధానం చెబుతుంది. ఎర్రముక్కు పురుగులో మగదానికి ముక్కు మీద చిన్న కుచ్చులా వెంట్రుకలుంటాయి, ఆడదానికి ఉండవు. ఆకర్షక బుట్టలో పడుతున్నవి ఏవో తెలియడానికి ఈ తేడా తెలియాలి. మసక ఫొటోలో ఆ కుచ్చు కనిపించదు. యాప్ వచ్చింది కనుక మంచి చిత్రాల అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు.

నాలుగోది నీతికి సంబంధించినది. బొమ్మ కోసం ప్రాణి ప్రాణం తీయడమేమిటని అడిగేవారికి జవాబు దాటవేయకూడదు. ఫ్రిజ్‌లో కాసేపు చల్లబరిచిన పురుగు కొన్ని నిమిషాలు మందంగా ఉండి, తర్వాత ఎగిరిపోతుంది. తక్కువ ఫొటోలతో పనయ్యే చోట ఆ పద్ధతి చాలు. పదుల ఫొటోలు కావలసిన చోట చచ్చినదే దిక్కు, కానీ చంపే పని తోటే చేసిపెడుతోంది. ఎర్రముక్కు పురుగు, కొమ్ము పురుగు కోసం కట్టిన బుట్టల్లో పడి చచ్చేవి, వీధి దీపం కింద తెల్లారేసరికి రాలి ఉండేవి, సాలెగూటిలో మిగిలేవి చాలు, ఒక బల్లకు ఏడాది పొడవునా పని ఉంటుంది. కొన్ని సీతాకోకచిలుకలకు, పెంకు పురుగులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక వాటిని పట్టడం నేరమన్న సంగతీ ఈ పనిలోకి దిగేవారు ముందే తెలుసుకోవాలి. ఒక పిచికారీకి రాలే వేల ప్రాణాల్లో పేరు తెలియనివే ఎక్కువ. ఒక చచ్చిన పురుగును గంటసేపు చూడటం ఆ వేల చావుల్లో కొన్నిటినైనా ఆపగలిగితే, నీతి త్రాసు ఎటు మొగ్గుతుందో తేల్చడం కష్టం కాదు.

చివరిది ఖర్చు మాట. పంటకు గిట్టుబాటు లేదు మొర్రో అంటుంటే కెమెరాలా అని అడగవచ్చు. ప్రతి రైతూ కెమెరా కొనాలని ఎవరూ అనడం లేదు. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలున్నారు, ప్రాజెక్టు పనికి విషయం దొరక్క పాత నోట్సు తిరగరాసే అవస్థా ఉంది. కళాశాలకు ఒక బల్ల, ఒక పాత కెమెరా, ఒక పట్టా ఇచ్చి, చుట్టుపక్కల తోటల పురుగులను నెలవారీగా నమోదు చేయమనాలి. ఇళ్ళలో ఇప్పటికే ఈ పని చేస్తున్న ఔత్సాహికులను వారికి గురువులుగా పెట్టాలి. ఆ చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంచి, ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ‘ఈ నెల మీ తోటలో’ అని పెద్ద అచ్చుతో అంటించాలి. ఒకవైపు శత్రువులు, ఒకవైపు మిత్రులు, అసలు సైజు చూపే చుక్క పక్కన పెద్దది చేసిన ముఖం. పూతకు ముందు టీ దోమ, దాని గుడ్డు పోగులు, వానాకాలంలో కొమ్ము పురుగు, ఎండాకాలంలో తెల్లదోమ, దాని పెంకు మీది గుండ్రటి కంత. మందుల దుకాణం గోడ మీద కంపెనీ అంటించే రంగుల పోస్టరు ఒకటి ఎలాగూ ఉంది. అందులో శత్రువులు మాత్రమే ఉంటారు, మిత్రుడి బొమ్మ వేస్తే సరుకు అమ్ముడుపోదు. దానికి ఎదురుగా నిలబడే పోస్టరు ప్రజలదై ఉండాలి.

దగ్గరగా చూడటం ఈ నేలకు కొత్త విద్య కాదు. టెక్కలి పక్కన తేలినీలాపురంలో ఏటా వచ్చే గూడబాతులకు ఊరే కాపలా కాస్తోంది. ఏ పక్షి ఎప్పుడు వస్తుందో, ఏ చెట్టు మీద గూడు పెడుతుందో తెలిసిన చోటే ఆ కాపలా పుట్టింది. పలాసలో జీడిపప్పు ఏరే ఆడవాళ్ళ ముందు పప్పు కుప్ప పోస్తే, కంటితోనే గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు చేస్తారు. తెలుపు తగ్గినదాన్నీ, పురుగు తాకినదాన్నీ పక్కకు నెడతారు. 240 రకం అంటే పౌను తూకానికి 240 పప్పులకు మించనిదని, 320 రకం అంటే అంతకన్నా చిన్న పప్పని ఆ వేళ్ళకు తెలుసు. పట్టణం వ్యాపారమంతా ఆ చూపు మీద నడుస్తోంది. పప్పు ధర తేల్చేటప్పుడు అంత నిశితంగా చూసే ఊరు, ఆ పప్పు పుట్టే పూత మీద ఎవరు వాలుతున్నారో మాత్రం చూడకుండా, కనిపించిన ప్రతి నలుసునూ ఒకే గ్రేడులో పోసి మందు కొడుతోంది. గింజకు ఉన్న గ్రేడింగు పురుగుకూ రావాలి. ఆ పని మొదలయ్యేది పూరెమ్మ మీది రెండు పోగుల దగ్గర, తెల్లదోమ పెంకు మీది గుండ్రటి కంత దగ్గర. అవి ఉన్నాయో లేవో చూసేదాకా స్ప్రేయరు ట్యాంకులో మందు కలపకుండా ఆగితే చాలు.